పుటకూర్పు సాధనముల మార్పు - పాఠరక్షణము

ఇటీవల ఒక లఘుకావ్య పునర్ముద్రణకు ప్రూఫులు దిద్దు సందర్భమున ఒక విశేషము నా కంటబడినది. 1990వ దశకమున ముద్రితమైన ప్రతియందు రేఫ శకటరేఫములు చక్కగా వేరువేరుగా నున్నవి. క్రొత్త ప్రూఫునందు శకటరేఫము ఒక్కటియు లేదు. ‘కఱి’ అని యుండవలసినచోట ‘కరి’ అని యున్నది. నల్లనిది కాస్తా ఏనుగైనది. ‘వేఱు’ అనునది చెట్టు వేరైనది. కూర్పరిని అడుగగా, తాను ఒక్క అక్షరమైనను మరల టైపు చేయలేదనియు, పాత దస్త్రమును క్రొత్త సాధనములోనికి మార్చితి ననియు చెప్పినాడు. అతడు చెప్పినది నిజమే. అతడు వాడిన మార్పు పట్టికయందు రెండు రేఫములకును ఒకే గమ్యము వ్రాయబడియున్నది. తప్పు అక్కడ జరిగినది.

దీనిని సామాన్యమైన అచ్చుతప్పుగా భావింపరాదు. రేఫ శకటరేఫ సాంకర్యము కావ్యముల కాలనిర్ణయమునందును, కర్తృత్వ విచారమునందును మన పరిశోధకులు ఆశ్రయించు ప్రమాణములలో నొకటి. ప్రాసస్థానమున ఒక కవి ఈ రెండింటిని కలిపినాడా, లేదా అను విషయముపై సుదీర్ఘమైన వాదములు నడచినవి. ఆ ప్రూఫు అట్లే అచ్చైయున్నచో, రేపటి పరిశోధకుడు కవి ఎన్నడును చేయని సాంకర్యమును కవికి అంటగట్టి, ఆ కవిని ఒకటి రెండు శతాబ్దములు క్రిందికి దింపగలడు. వ్రాతప్రతుల లేఖకప్రమాదములను గూర్చి మనము విద్యార్థులకు విస్తరించి బోధింతుము. యంత్రలేఖకుని ప్రమాదములను గూర్చి బోధింపము. (ఈ వ్యాసమునందు నేనును శకటరేఫములను వదలి వాడుకలోనున్న వర్ణక్రమమునే పాటించితిని. అది వ్యాసకర్త స్వాతంత్ర్యము. ప్రాచీన పాఠమును పరిష్కరించు సంపాదకునకు అట్టి స్వాతంత్ర్యము లేదు.)

మన కళాశాలల పత్రికలు, సిద్ధాంతవ్యాసములు, పరిష్కరణములు అనేకము పేజ్‌మేకర్ అను సాధనమున కూర్చబడినవి. దాని చరిత్ర దీర్ఘమైనది కాదు. ఆల్డస్ అను సంస్థ 1985లో మెకింతోష్ యంత్రము కొరకు దానిని వెలువరించినది. ఆ సంస్థ స్థాపకుడైన పాల్ బ్రెయినర్డ్ ‘డెస్క్‌టాప్ పబ్లిషింగ్’ అను మాటను ప్రచారమునకు తెచ్చినవాడుగా ప్రసిద్ధుడు. 1994లో ఆల్డస్ అడోబి సంస్థలో విలీనమైనది. 1999లో అడోబి ఇన్‌డిజైన్ అను వేరొక సాధనమును ప్రవేశపెట్టినది. 2001లో వెలువడిన పేజ్‌మేకర్ 7.0 తరువాత చెప్పదగిన క్రొత్త కూర్పు రాలేదు. 2004లో దాని అభివృద్ధి నిలిపివేయబడినది. అయినను తెలుగు ముద్రణాలయములు ఆ తరువాతను చాలకాలము దానినే పట్టుకొని యుండినవి. ఇది కేవలము అలవాటు కాదు, అలసత్వమును కాదు. ఇన్‌డిజైన్ తెలుగు సంయుక్తాక్షరములను యూనికోడ్ పద్ధతిలో సరిగా కూర్చు సామర్థ్యమును బహిరంగముగా పొందినది 2012లో వచ్చిన సీ.ఎస్.6 కూర్పునందే. అంతవరకు సాధనము మార్చినను తెలుగువానికి కలుగు లాభము స్వల్పము.

ఇచ్చట ముఖ్యముగా గ్రహింపవలసిన విషయమొకటి కలదు. మన వ్యవహారమున ‘పేజ్‌మేకర్ నుండి ఇన్‌డిజైన్‌కు మారుట’ అని ఒక్కమాటగా చెప్పునది నిజమునకు రెండు మార్పులు. పుటను కూర్చు సాధనము మారుట యొకటి. అక్షరమునకు యంత్రమునందు గల సంకేతము మారుట వేరొకటి. మొదటిది జరిగి రెండవది జరుగకపోవచ్చును. రెండవది జరిగినపుడే పాఠమునకు ప్రమాదము. జరుగనిచో పాఠమునకు భవిష్యత్తు లేదు. ఈ చిక్కును కొంత వివరింతును.

పేజ్‌మేకర్ కాలమునాటి తెలుగు లిపులు, అను లిపులు మొదలుకొని శ్రీలిపి వరకు, ఎనిమిది బిట్ల పద్ధతిపై నిర్మింపబడినవి. ఆ పద్ధతిలో నున్న స్థానములు 256 మాత్రమే. అందు కొన్ని యంత్రమునకే విడువవలెను. మిగిలిన వానిలో తెలుగు అచ్చులు, హల్లులు, తలకట్టులు, గుడులు, కొమ్ములు, వత్తులు అన్నియు ఇముడవలెను. కావున లిపికర్తలు అక్షరమును ముక్కలుగా విడదీసి, ఆ ముక్కలను ఆంగ్లాక్షరముల స్థానములలోను, ఐరోపా భాషల చిహ్నముల స్థానములలోను కూర్చిరి. యంత్రము దృష్టిలో ఆ దస్త్రమున తెలుగు లేదు. అర్థరహితమైన ఆంగ్లాక్షర సముదాయము కలదు. దానిపై తెలుగు లిపి అను ముసుగు వేసినపుడు మన కంటికి తెలుగుగా కనబడును. సీసపు అక్షరముల గళ్ళపెట్టెతో దీనిని పోల్చవచ్చును. కంపోజిటరునకు ఏ గడిలో ఏ ముక్క యున్నదో తెలియును. గడికి మాత్రము తెలియదు.

ఇంతకంటె పెద్ద చిక్కు, గళ్ళ అమరిక అందరికి ఒకటి కాకపోవుట. ఒక లిపిలో ‘గ’కారమున్న స్థానమున మరియొక లిపిలో ‘శ’కారము ఉండవచ్చును. ఒకే కుటుంబమునకు చెందిన లిపులలోనే కూర్పును బట్టి అమరిక మారినది; అను లిపుల ఆరవ కూర్పునకు, ఏడవ కూర్పునకు వేరువేరు మార్పు పట్టికలు కావలసివచ్చుటకు కారణమిదియే. కావున పాత దస్త్రము చేతికి వచ్చినపుడు అది ఏ సాధనమున కూర్చబడినది అని అడుగుట చాలదు. ఏ లిపి, ఆ లిపి యొక్క ఏ కూర్పు అని అడుగవలెను. దస్త్రముతోపాటు లిపిని కూడ భద్రపరచినవారు ధన్యులు.

యూనికోడ్ పద్ధతి దీనికి భిన్నమైనది. అందు ఆకారమునకు గాక వర్ణమునకు సంకేతమీయబడును. 1991లో వెలువడిన మొదటి కూర్పునందే తెలుగునకు 128 స్థానముల విభాగము ఏర్పడినది. దాని అమరిక భారతీయ ప్రమాణమైన ఇస్కీ ననుసరించినది. ‘క్ష’ అని కూర్చుటకు కకారము, పొల్లు, షకారము అని మూడు సంకేతములు వరుసగా నిలుచును. వానిని ఒక ఆకృతిగా చూపుట లిపి పని. ఇది మన వర్ణసమామ్నాయమునకు దగ్గరి మార్గము. ఉచ్చారణక్రమమే సంకేతక్రమము.

పాత లిపులలో దృశ్యక్రమము కలదు. చేతివ్రాతయందు రకారపు వత్తు అక్షరమునకు ఎడమవైపు నుండి ఆరంభమగును గనుక, కొన్ని లిపులలో ‘క్ర’ అను అక్షరమున వత్తు ముందును, కకారము వెనుకను నిలిచినవి. మార్పు పట్టిక కేవలము ముక్కకు ముక్కను ప్రతిక్షేపించినచో ‘చక్రము’నందలి రవత్తు చకారమునకు అంటుకొనును. కావున ప్రతిక్షేపమునకు తరువాత క్రమపరివర్తనము కూడ జరుగవలెను. ఐత్వమునకు గల రెండు భాగములు, ఘకార ఝకారముల తోకలు, రెండేసి వత్తులున్న సంయుక్తములు, అన్నింటికిని ఇట్టి సూత్రములే అవసరము. మంచి మార్పు సాధనమును పరీక్షింపదలచినవారు ‘కార్త్స్న్యము’, ‘స్వాతంత్ర్యము’, ‘క్రైస్తవ’, ‘స్రగ్ధర’ వంటి పదములను కూర్చి చూచిన చాలును. గడ్డుపదములలో నెగ్గినది సులభపదములలో ఓడదు.

వలపలగిలక విషయము మరింత సూక్ష్మమైనది. పూర్వముద్రణములలో ‘ధర్మము’నందలి రేఫము మకారమునకు కుడివైపున గిలకగా నిలుచును. దాని ఆకృతి తెలుగు తొమ్మిది అంకెను పోలియుండుటచే, ప్రత్యేకమైన గడి లేని కూర్పరులు ఆ అంకెనే వాడుకొనిరి. అట్టి దస్త్రము యూనికోడ్‌లోనికి వచ్చినపుడు ‘ధమ౯ము’ అని మిగులును: ధకారము, మకారము, తొమ్మిది అంకె, మకారము. చదువరి కన్ను మోసపోవును, యంత్రపు వెదకులాట విఫలమగును. ‘ధర్మము’ అను పదము గ్రంథమున ఎన్నిసార్లు వచ్చినదని అడిగినచో లేనేలేదని సమాధానము వచ్చును. సరియైన మార్గము రేఫము, పొల్లు, సంయోజక సంకేతము, తరువాతి హల్లు అను క్రమము. లిపిలో గిలక ఆకృతి యున్నచో అది అట్లే కనబడును, లేనిచో మామూలు సంయుక్తముగా కనబడును. రెండు విధములను పాఠము సురక్షితము.

ప్రాచ్యవిద్యకు అవసరమైన వర్ణములన్నియు యూనికోడ్‌లో ఆది నుండి లేవు. అరసున్న, శకటరేఫము, ‘ఌ’, ‘ౡ’ అను అచ్చులు మొదటి నుండియు కలవు. అవగ్రహము, దంత్య చకార జకారములైన ‘ౘ’, ‘ౙ’లు, ఌకార గుణింతపు గుర్తులు 2008లో వచ్చిన 5.1 కూర్పున చేరినవి. ‘ఴ’ అను ద్రావిడ వర్ణము 2014లోను, శాసనములలో కనబడు ‘ౚ’ అను వర్ణము 2015లోను, నకారపొల్లు 2021లోను స్థానము పొందినవి. తైత్తిరీయ శాఖవారికి కావలసిన దీర్ఘస్వరిత చిహ్నము 2009లో ఏర్పడిన వైదిక విభాగమున కలదు. ఉదాత్తానుదాత్త చిహ్నములను దేవనాగరి విభాగము నుండి గ్రహింపవలెను. ఈ సంవత్సరములు కంఠస్థము చేయుటకు చెప్పుట లేదు. 2008కి పూర్వము మార్చిన దస్త్రమున ‘రామోఽపి’ వంటి ప్రయోగములలో అవగ్రహము నిజమైన అవగ్రహము కాదని ఇందువలన తెలియును. అది ఆంగ్లమున ఎస్ అను అక్షరము కావచ్చును, మరేదైన చిహ్నము కావచ్చును. క్రొత్త సంకేతము ఏర్పడినంత మాత్రమున లిపిలో ఆకృతి యుండునని కూడ తలపరాదు. లిపిని ఎన్నుకొనుటకు ముందు ఈ వర్ణములన్నింటిని ఒక పంక్తిలో కూర్చి చూచుకొనవలెను. చతురస్రపు ఖాళీపెట్టె కనబడినచోట ఆ లిపి మన పనికి చాలదని అర్థము. తిరుమల కృష్ణదేశికాచార్యులు నిర్మించిన పోతన 2000, వేమన 2000 లిపులు మొదలుకొని తరువాత ఉచితముగా లభించిన సురన్న, మండలి, రామభద్ర వరకు లిపులకు కొదువ లేదు. వార్తాపత్రికకు చాలిన లిపి వ్యాకరణ గ్రంథమునకు చాలకపోవచ్చును, అంతే.

వ్యాకరణమన్నచో మరియొక అవసరము స్ఫురించుచున్నది. సంధికార్యమును బోధించునపుడు ‘జగత్ + నాథః’ అను రెండింటిని చేర్చి, ఆదేశము జరుగక ముందటి స్థితిని చూపదలచితిమి. నేరుగా కూర్చినచో ‘జగత్నాథః’ అని వత్తు ఏర్పడును. ‘జగత్‌నాథః’ అని పొల్లును నిలుపుటకు కంటికి కనబడని అసంయోజక సంకేతము నొకదానిని మధ్య నుంచవలెను. దానిని జీరో విడ్త్ నాన్ జాయినర్ అందురు. పాత లిపులలో పొల్లు హల్లు ఒక విడి ముక్క యగుటచే ఈ సమస్యయే లేదు. మార్పు సాధనములు కొన్ని ఈ సంకేతమును చేర్చుట మరచును. అపుడు ప్రక్రియా గ్రంథములలోని మధ్యస్థితు లన్నియు సిద్ధరూపములవలె వత్తులతో వెలయును. విద్యార్థి ఏమి నేర్చుకొనునో ఊహింపవచ్చును.

ఇక పుటకూర్పు సాధనము మారుటవలన కలుగు భేదములు. ఇవి పాఠమును చెరపవు గాని పుటను చెరపును. సీ.ఎస్.6 వరకు గల ఇన్‌డిజైన్ కూర్పులు పేజ్‌మేకర్ 6.0 మొదలుగా గల దస్త్రములను తెరువగలవు. అంతకు పూర్వపు దస్త్రములను ముందు పేజ్‌మేకర్ 6.5లోనో 7లోనో తెరచి నిలుపుకొనవలెను. మాతృపుటలు, శైలులు చాలవరకు నిలుచును. చిత్రములకు మార్గములను మరల చూపవలెను. పాత లిపి యంత్రమునందు లేనిచో పాఠము గులాబివర్ణపు నేపథ్యముతో కనబడును. అది పాడైనట్లు కాదు, లిపి దొరకలేదని సూచన.

పాత లిపితోనే క్రొత్త సాధనమున పనిచేయదలచినవారు కొన్ని జాగ్రత్తలు వహింపవలెను. సాధనము ఆ దస్త్రమును ఆంగ్లముగా భావించును గనుక ఆంగ్లమునకు చేయు ఉపచారములన్నియు చేయును. ఉద్ధరణ చిహ్నములను వంచును, పదములను ఆంగ్ల నియమముల ననుసరించి విరుచును, కొన్ని అక్షరద్వయములను కలిపి ఒక ఆకృతిగా చేయును. మెత్తని హైఫనునకు కేటాయించిన స్థానముననే లిపికర్త ఒక వత్తును కూర్చియున్నచో ఆ వత్తు పంక్తిమధ్యమున అదృశ్యమగును. ఈ ఉపచారములన్నింటిని ఆపివేసి, భాషను ‘లేదు’ అని నిర్దేశించిన తరువాతనే దస్త్రమును ముట్టవలెను.

యూనికోడ్ పాఠమున కైనచో వరల్డ్ రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ అను కూర్పు యంత్రాంగమును పేరా శైలియందు ఎన్నుకొనవలెను. ఎన్నుకొననిచో వత్తులు విడిపోయి పొల్లులు మిగులును. పేజ్‌మేకర్ పంక్తిని పంక్తిగా కూర్చును. ఒక పంక్తి నిండినపిదప దానిని మరల చూడదు. ఇన్‌డిజైన్ పేరా మొత్తమును ఒకేమారు పరిశీలించి పంక్తివిరామములను నిర్ణయించును. ఇది 1981లో డొనాల్డ్ నూత్, మైకేల్ ప్లాస్ ప్రకటించిన పద్ధతి జాతికి చెందినది. దీర్ఘసమాసములు గల మన గద్యమునకు ఇది మేలుచేయును, పదముల నడుమ వెడల్పైన ఖాళీలు తగ్గును. అయితే పంక్తులు మారును, పుటలు మారును. పూర్వముద్రణపు పుటసంఖ్యలతో ఇతరులు చేసిన ఉదాహరణములు తప్పిపోవును. పునర్ముద్రణలలో పూర్వపుటసంఖ్యను అంచున సూచించుట ఐరోపా సంపాదకులకు పరిపాటి. మనవారు దీనిని ఏల అలవరచుకొనరో తెలియదు.

పంక్త్యంతరము కూడ గమనింపదగినది. రెండు సాధనములును స్వతఃసిద్ధముగా అక్షరప్రమాణమునకు 120 శాతము అంతరమునిచ్చును. ఆంగ్లమునకు అది చాలును. రెండు వత్తులు క్రిందికి దిగు తెలుగు పంక్తికి, దాని క్రింద గుడులతో నిలుచు పంక్తికి నడుమ అది చాలదు. 12 పాయింట్ల అక్షరమునకు 17 లేదా 18 పాయింట్ల అంతరము నుంచుట నా అనుభవమున మేలు.

పేజ్‌మేకర్‌లో అధోజ్ఞాపికలను స్వయముగా అమర్చు సౌకర్యము లేదు. కూర్పరులు ప్రతిపుట అడుగున వేరొక పెట్టెను గీచి అందు జ్ఞాపికలను చేతితో నింపిరి. ఇన్‌డిజైన్‌కు మారినపుడు ఆ పెట్టెలు అట్లే వచ్చును గాని, మూలములోని అంకెకును జ్ఞాపికకును సంబంధము ఉండదు. పంక్తులు మారి మూలశ్లోకము తరువాతి పుటకు జరిగినచో పాఠాంతరము పూర్వపుటయందే మిగిలిపోవును. పరిష్కరణ గ్రంథమునకు ఇంతకంటె హాని లేదు. ఇన్‌డిజైన్‌లో 2005 నాటి సీ.ఎస్.2 నుండి నిజమైన అధోజ్ఞాపికలు కలవు. పాతవానిని ఒక్కొక్కదానినిగా అందులోనికి ఎక్కింపవలసినదే. దగ్గరి దారి లేదు. పైగా అది ఒకే వరుస జ్ఞాపికలను ఇచ్చును. పాఠాంతరములొక వరుసగను, వ్యాఖ్యానాంశములొక వరుసగను ఉండవలసిన పరిష్కరణములకు జీటెక్ సాధనము, దానితోడి రెలెడ్‌మాక్ సంపుటి ఉత్తమములని నా అభిప్రాయము. అవి ఉచితములు, శ్లోకసంఖ్యను, పంక్తిసంఖ్యను, పలువరుసల జ్ఞాపికలను అవియే చూచుకొనును. నేర్చుటకు శ్రమ కలదు. పాణినీయము నేర్చినవారికి సూత్రబద్ధమైన ఆ రచన దుస్సాధ్యము కాదు. వ్యయము భరింపలేని కళాశాలలకు స్క్రైబస్ అను ఉచిత సాధనము కూడ కలదు. 2024 జనవరిలో వెలువడిన 1.6.0 కూర్పు భారతీయ లిపులను కూర్చగలదు.

తొలుత చెప్పిన లఘుకావ్యమునకు తిరిగి వత్తును. పూర్వముద్రణమును ముందుంచుకొని శకటరేఫములను, అరసున్నలను, అవగ్రహములను చేతితో లెక్కించితిమి. మార్చిన దస్త్రమున అవే వర్ణములను యంత్రముచే లెక్కింపజేసితిమి. సంఖ్యలు సరిపోలని వర్ణములు మూడు తేలినవి; మార్పు పట్టికలో ఆ మూడు పంక్తులను సవరించి, మూల దస్త్రమును మరల మొదటి నుండి మార్చితిమి. సగము దిద్దిన ప్రూఫుపై సవరణలు అతికించుటకంటె అదియే తక్కువ పని. ప్రాసస్థానములను మాత్రము పద్యము పద్యముగా మరల చూచితిమి, ఏలయన ఒక తప్పును మరియొక తప్పు పూరించినపుడు లెక్క సరిపోవును గదా.

ఇపుడు ఆ కావ్యమునకు నాలుగు రూపములు భద్రపరచబడియున్నవి: పేజ్‌మేకర్ మూలము, దాని లిపి, యూనికోడ్‌లో అలంకారములు లేని సాదాపాఠము, ఇన్‌డిజైన్ యొక్క ఐ.డి.ఎం.ఎల్. రూపము. చివరిది ఏలయనగా, క్రొత్త ఇన్‌డిజైన్ దస్త్రమును పాత ఇన్‌డిజైన్ నేరుగా తెరువలేదు. ఈ రూపమునైనచో సీ.ఎస్.4 వరకు తెరువవచ్చును. సవరించిన మార్పు పట్టికను కూడ వానితోనే ఉంచితిమి. అదే లిపిలో కూర్చిన గ్రంథములు మా బీరువాలో ఇంకను పదునొకండు కలవు.